ఆస్కార్ వేదికెక్కిన మిరప తొక్కు

సినిమా అవార్డులు ఎవరికో, ఎక్కడో ఇచ్చుకునేవి; మన వంటింటికి వాటితో పనేమిటి అంటారా? ఉందండీ! జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వైపు ఒక్కసారి చూస్తే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

2023 మార్చి 13, సోమవారం. పిల్లలకు టిఫిన్ బాక్సులు కట్టి, శ్రీవారికి కాఫీ అందించే హడావుడిలో ఉండగానే టీవీలో వార్త. 'ఆర్‌ఆర్‌ఆర్' సినిమాలోని 'నాటు నాటు' పాటకు ఆస్కార్! అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో అప్పటికింకా ఆదివారం సాయంత్రమే. సంగీత దర్శకుడు కీరవాణి, పాట రాసిన చంద్రబోస్ వేదిక ఎక్కారు. కీరవాణి తన మాటల్ని ఒక ఇంగ్లీషు పాట బాణీలో పాడి వినిపించారు. పక్కనే ఉన్న చంద్రబోస్ 'నమస్తే' అన్నారు, అంతే. భారతీయ సినిమాలోని ఒక పాటకు ఆ విభాగంలో ఆస్కార్ రావడం అదే మొదటిసారి.

ఆ రోజు అందరం మురిసిపోయాం. కానీ ఆ పాటలో ఏముందో ఎప్పుడైనా నిదానంగా విన్నారా? పొలం గట్టు మీద లేచే దుమ్ము ఉంది. అమ్మవారి జాతరలో ఊగిపోయే పోతరాజు ఉన్నాడు. మర్రిచెట్టు నీడ ఉంది. జొన్నరొట్టెలో నంజుకునే మిరప తొక్కు ఉంది. అంటే, మన అమ్మమ్మలు రోట్లో దంచిన తొక్కు, చుట్టాలొస్తే 'ఇది పెడితే ఏమనుకుంటారో' అని మనం జాడీతో సహా వెనక్కి నెట్టేసే ఆ తొక్కే, లోకమంతా చూస్తుండగా ఆస్కార్ వేదికెక్కింది!

అందుకే అడుగుతున్నాను. అవార్డు వచ్చాక మనింట్లో ఏం మారింది? అసలు అవార్డు అనేది మన బతుకుల్లో ఏమైనా మార్చగలదా?

చల్లగరిగ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా

చంద్రబోస్ పుట్టిన ఊరు చల్లగరిగ. చిట్యాల మండలంలో ఉంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. తండ్రి నర్సయ్య బడిపంతులు, తల్లి మదనమ్మ గృహిణి, మనలాగే. ఊళ్లో ఒగ్గుకథ చెప్పినా, చిందు భాగవతం ఆడినా చిన్నప్పుడు చంద్రబోస్ వెళ్లి చూసేవారు. తర్వాత హైదరాబాదులో ఇంజనీరింగు చదివినా, మనసు పాట మీదే. 1995లో 'తాజ్‌మహల్' సినిమాతో సినీకవి అయ్యారు. అక్కడి నుంచి ఆస్కార్ దాకా ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

ఇంకో ముచ్చట వినండి. 'నాటు నాటు' పాటలో తొంభై శాతం ఒక్క పూటలోనే రాశారట. మిగిలిన పది శాతం పూర్తి కావడానికి మాత్రం పంతొమ్మిది నెలలు పట్టిందట! ఆయనే చాలాసార్లు చెప్పిన మాట ఇది. చిన్నప్పుడు ఊళ్లో చూసిందీ, తిన్నదీ, విన్నదీ ఆ పాటలోకి వచ్చాయి గనుకనే ఒక పూటలో అంత రాయగలిగారనిపిస్తుంది. పిల్లలు చిన్నతనంలో ఏం చూస్తున్నారు, ఏం తింటున్నారు, ఏ మాటలు వింటున్నారు అనేది చిన్న విషయం కాదండీ. అది ఎప్పుడు, ఎక్కడ పంటకొస్తుందో మనకు తెలియదు.

ఆస్కార్ తర్వాత చల్లగరిగకు ఏం వచ్చింది? సన్మానాలు, దండలు సరే. అవి రెండు రోజుల్లో వాడిపోతాయి. చంద్రబోస్ తన ఊరికి ఒక గ్రంథాలయం కట్టించి ఇచ్చారు. దాని పేరు 'ఆస్కార్ గ్రంథాలయం'. 2024లో తలుపులు తెరిచారు. ఆస్కార్ ప్రతిమ ఎత్తు పదమూడున్నర అంగుళాలు, బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువ. దాన్ని ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకుంటే ఒక్క ఇల్లే చూస్తుంది. పుస్తకాల బీరువా చేసి ఊరి మధ్యలో పెడితే ఊరి పిల్లలంతా తెరుస్తారు. అవార్డు సమాజానికి ఉపయోగపడటమంటే ఇదీ!

మెచ్చేవాళ్లు బయటివాళ్లైతేనే రుచా?

'ఆర్‌ఆర్‌ఆర్' విడుదలైంది 2022 మార్చిలో. ప్రేమ్ రక్షిత్ కూర్చిన ఆ స్టెప్పులు మన పిల్లలు అప్పుడే వీధుల్లో, బడి వార్షికోత్సవాల్లో వేశారు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడిన పాట అప్పుడే ఇంటింటా మోగింది. కానీ పెద్దవాళ్లలో కొందరు 'ఏమిటీ గంతులు' అన్నారు కదా? 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం సిబ్బంది ఆ పాటకు నాట్యం చేసి వీడియో పెట్టారు. మార్చిలో అమెరికాలోని న్యూజెర్సీలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌లో, కార్లన్నీ వరసగా నిలిపి పాట తాళానికి దీపాలు వెలిగించి ఆర్పారు. అప్పుడు ఆ పెద్దలే 'మన పాట, మన కవి' అన్నారు.

మనకిది కొత్తేం కాదు. ఇంటి కోడలు పదేళ్లుగా చేస్తున్న పప్పుచారును ఇంట్లో ఎవరూ మెచ్చరు. ఎవరో చుట్టం వచ్చి 'అబ్బ, ఏం చారమ్మా!' అంటే, ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఇంకో గరిటె వేయించుకుంటారు. చారు మారలేదు, చూపు మారింది. అవార్డు చేసే పని సరిగ్గా అదే. కొత్తగా దేన్నీ పుట్టించదు. ఉన్నదాన్ని మళ్లీ చూడమంటుంది.

అందులో ఒక చిక్కు కూడా ఉంది సుమండీ. పాటకిచ్చే ఆస్కార్ సంగీతం కూర్చినవారికీ, పాట రాసినవారికీ మాత్రమే. గొంతు ఇచ్చినవారికీ, అడుగులు నేర్పినవారికీ, మోకాళ్లు అరిగేలా ఆడినవారికీ ఆ ప్రతిమ దక్కదు. పండుగ వంట మెప్పు వడ్డించిన చేతికే వెళ్తుంది, కూరలు తరిగిన చేతికి కాదు. ఈ సంగతి మీకు నేను చెప్పాలా?

మన యాసకు దక్కిన మర్యాద

ఒకప్పుడు సినిమాల్లో తెలంగాణ మాట ఎవరి నోట వినిపించేదో గుర్తుందా? విలన్ నోట, లేకపోతే నవ్వించే పాత్ర నోట. హీరో హీరోయిన్లది వేరే భాష. దాంతో చాలామంది తల్లులు పిల్లలు 'గట్ల', 'గిట్ల' అంటే కసిరేవారు. పాపం, వాళ్ల తప్పేముంది? నలుగురిలో నవ్వులపాలు కాకూడదనే కదా!

అలాగని మర్యాద దక్కిన సినిమా ఒక్కటీ లేదని కాదు. 1988 నాటి 'దాసి' ఉంది. బి. నర్సింగరావు దర్శకత్వంలో, గడీలో బందీగా బతికే దాసి కథ. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఛాయాగ్రహణానికి, కళాదర్శకత్వానికి, దుస్తులకు, ఉత్తమ తెలుగు చిత్రానికి కూడా కలిపి మొత్తం 5 జాతీయ అవార్డులు. కళాదర్శకుడు ఎవరో తెలుసా? నుదుటిన పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల్లో తెలంగాణ స్త్రీలను బొమ్మలు కట్టే చిత్రకారుడు వైకుంఠం! మన నాయనమ్మల కట్టూ బొట్టూ దేశమంతా మెచ్చుకోదగ్గ అందమేనని ఢిల్లీ వాళ్లు ముద్ర వేశారన్నమాట.

ఇక పాటల సంగతి. మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరు మహాకవి దాశరథి కృష్ణమాచార్య ఊరు. నిజాం మీద పద్యాన్ని నిప్పులా విసిరి జైలుకెళ్లిన ఆ కవే 1960లలో సినిమాకు ఎన్నో మెత్తని పాటలు రాశారు. 1974లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది, 'తిమిరంతో సమరం' కావ్యానికి. సినీకవికి జాతీయ అవార్డు అనే ముచ్చట తెలుగులో శ్రీశ్రీతో ('అల్లూరి సీతారామరాజు', 1974) మొదలైంది. 1993లో 'మాతృదేవోభవ' పాటకు వేటూరికి వచ్చింది. ఆ సినిమా చూసి కొంగు తడవని ఇల్లాలు ఉందా? తర్వాత 'ఠాగూర్' (2003) పాటకు, జనగామకు పొరుగునే ఉన్న సుద్దాల నుంచి వచ్చిన అశోక్‌తేజకు దక్కింది. 2021 సినిమాలకిచ్చిన అవార్డుల్లో 'కొండపొలం' పాటకు మన చంద్రబోస్‌కు వచ్చింది. ఆ సినిమా నల్లమలలో గొర్రెలు కాసేవాళ్ల కథ. 2023 సినిమాలకిచ్చినవాటిలో 'బలగం' పాటకు కాసర్ల శ్యామ్‌కు వచ్చింది. అది పల్లెటూరి పొద్దు పొడుపు మీద, పల్లె మాటల్లోనే రాసిన పాట.

'బలగం' మీలో చాలామంది చూసే ఉంటారు. చావు ఇంట్లో పిట్టకు పెట్టుడు, కాకి ముట్టకపోవడం, ఎప్పుడో విందులో నల్లి బొక్క దగ్గర తెగిపోయిన బావాబామ్మర్దుల బంధం... ఇవి మనకు తెలియని ఇల్లుందా? 2023లో ఆ సినిమాను ఊళ్లల్లో తెరలు కట్టి చూపించారు. చూసి ఏడ్చి, ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కలిశారని పత్రికల్లో చదివాం. అవార్డులు వచ్చింది తర్వాత, 2025లో. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట ఇచ్చిన సినిమా అవార్డుల్లో 2023కు ఉత్తమ చిత్రం 'బలగం'దే.

గద్దర్ అవార్డుల వెనక ఒక చిత్రమైన కథ ఉంది. 1964 నుంచి మనకు నంది అవార్డులుండేవి. 2016 సినిమాల దాకా ప్రకటించి ఆగిపోయాయి. ఆ లోటు తీరుస్తూ 2025 జూన్ 14న హైదరాబాదులో గద్దర్ అవార్డులు ఇచ్చారు. కానీ ఆ గద్దరే, 'ఒరేయ్ రిక్షా' సినిమాలో అన్నా చెల్లెళ్ల పాటకు నంది ఇస్తామంటే వద్దని చెప్పిన మనిషి! అవార్డు వద్దన్న పాటగాడి పేరు మీదే ఇప్పుడు అవార్డు. జనం నోట్లో నిలిచిన పాటకు అవార్డు అక్కర్లేదని ఆయన అనుకొని ఉండవచ్చు. నిజమే, కానీ ఆ పాటను రేపటి పిల్లలకు గుర్తుచేయడానికి మాత్రం ఒక పేరు, ఒక వేడుక అక్కరకొస్తాయి.

ఇల్లాలి కథకూ అవార్డు

2024లో '35 చిన్న కథ కాదు' అనే సినిమా వచ్చింది. తిరుపతిలో ఒక మామూలు ఇల్లాలు సరస్వతి. పదో తరగతి తప్పింది. లెక్కలంటే బెదిరే కొడుక్కి చెప్పడం కోసం తాను మళ్లీ పుస్తకం పట్టుకుంటుంది. ఆ పాత్ర వేసిన నివేదా థామస్‌కు 2024 ఉత్తమ నటిగా గద్దర్ అవార్డు దక్కింది. విదేశాల్లో డ్యూయెట్లు లేవు, తళుకుల చీరలు లేవు. వంటిల్లు, పూజగది, కొడుకు లెక్కల పుస్తకం. మన దినచర్యలో కథ ఉందని ఒప్పుకున్న అవార్డు అది. 'నాకేం వచ్చులే' అని పిల్లల పుస్తకాలకు దూరంగా కూర్చునే తల్లి ఎవరైనా ఆ సినిమా చూసి పుస్తకం తెరిస్తే, అంతకన్నా పెద్ద బహుమానం ఏముంది?

'నాటు నాటు' గెలిచిన రాత్రే ఇంకో భారతీయ చిత్రం కూడా గెలిచింది. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' అనే చిన్న డాక్యుమెంటరీ. తీసింది కార్తికి గోన్సాల్వెస్, నిర్మించింది గునీత్ మోంగా, ఇద్దరూ స్త్రీలే. తమిళనాడు ముదుమలై అడవిలో తల్లిలేని ఏనుగు పిల్లలను సాకిన బొమ్మన్, బెళ్లి దంపతుల కథ. 2023లోనే తమిళనాడు ప్రభుత్వం బెళ్లిని ఏనుగుల శిబిరంలో కావడిగా, అంటే మావటికి సహాయకురాలిగా నియమించింది. ఎన్నాళ్లుగానో ప్రేమతో చేస్తున్న చాకిరీకి ఉద్యోగమనే పేరు, జీతం వచ్చాయి. ఈ మాట దగ్గర మీరు ఒక్క క్షణం ఆగి నిట్టూరిస్తే నేను అర్థం చేసుకోగలను.

అంతా మంచేనా?

కాదు. 2021 సినిమాలకే అల్లు అర్జున్‌కు 'పుష్ప'లో నటనకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. తెలుగు నటుడికి ఆ గౌరవం అదే మొదటిసారి, గర్వపడాల్సిందే. కానీ ఆ పాత్ర ఎర్రచందనం దొంగ. గడ్డం కింద చెయ్యి తిప్పుతూ మన మూడేళ్ల బాబు కూడా అనుకరిస్తాడు. 'అవార్డొచ్చింది కదమ్మా, మంచోడే' అని పెద్ద పిల్లవాడు అంటే ఏం చెబుతారు? తిట్టి టీవీ కట్టేస్తే లాభం లేదు. 'అవార్డు నటనకిచ్చారు నాన్నా, దొంగతనానికి కాదు. రావణాసురుడి వేషం బాగా వేసినవాడికి శాలువా కప్పుతాం. రావణుడికి కాదు' అని చెప్పి చూడండి. పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

ఇంకో దిగులు ఉంది. తెర మీద వెలుగు పడిన మేరకే మన చూపు ఆగిపోవడం. 'బలగం' చివర గుండె పిండే పాట పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు దుగ్గొండికి చెందిన బుడగజంగాల కళాకారులు. ఆ సినిమా వచ్చేదాకా వాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు? పేరు వచ్చేనాటికి మొగిలయ్య కిడ్నీల జబ్బుతో మంచాన పడ్డారు. సాయం అందింది కానీ, 2024 డిసెంబరులో ఆయన కన్నుమూశారు.

చంద్రబోస్ చిన్నప్పుడు చూసిన ఒగ్గుకథకు జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య పెట్టింది పేరు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన 2017లో పోయారు. చిందు యక్షగానానికి, అదే జిల్లా దేవరుప్పుల మండలంలోని గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆస్కార్ పాటకు ఊపిరి పోసిన ఆటపాటలు ఇవే! సినిమా అవార్డు వార్త ఇంటింటికీ చేరింది. ఈ వార్తలు ఎన్ని ఇళ్లకు చేరాయి?

అదే జనగామ పక్కన పెంబర్తి ఉంది. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితో సన్నగా కొట్టి బొమ్మలు తీస్తారు. సభల్లో అతిథులకిచ్చే జ్ఞాపికలు ఎన్నో అక్కడ తయారైనవే. జ్ఞాపిక అందుకున్నవారి ఫొటో పేపర్లో వస్తుంది. రేకు కొట్టిన చేతుల ఫొటో రాదు.

మరి మనమేం చేద్దాం?

గడప మీద దీపం పెడితే వాకిలి కనబడుతుంది. ఊడ్చేది మాత్రం మనమే. అవార్డూ అంతే. ఈ నాలుగూ మనింట్లోనే చేయగలిగినవి:

- అవార్డు వచ్చిన సినిమాను పిల్లలతో కలిసి చూడండి. అయ్యాక 'నీకేం నచ్చింది? ఎవరి పని బాగుంది?' అని అడగండి. హీరో పేరు కాక ఇంకో పేరు చెబితే మెచ్చుకోండి.

- అత్తగారో, అమ్మో వాడే పాత మాటల్ని పిల్లల ముందు నవ్వులాటకు తీసుకోకండి. 'ఈ మాటకు అర్థమేంటి నానమ్మా?' అని పిల్లల చేతనే అడిగించండి. రేపటి పాట ఆ మాటలోనే ఉండొచ్చు.

- ఊళ్లో ఒగ్గుకథ, చిందు, శారదకాళ్ల కథ ఏదున్నా ఒక గంట పిల్లల్ని తీసుకెళ్లండి. చూసి వచ్చేటప్పుడు పిల్లల చేతితోనే పళ్లెంలో పది రూపాయలు వేయించండి.

- ఊళ్లో గ్రంథాలయం ఉంటే నెలకోసారైనా గడప తొక్కండి. లేకపోతే నలుగురు ఇల్లాళ్లు కలిసి, తలా పది పుస్తకాలు ఒక ఇంట్లో చేర్చినా అదే గ్రంథాలయం.

ఆస్కార్ పాటలోని విందు

ఇంత చెప్పి వంట చెప్పకపోతే మీరూరుకోరు! మిరప తొక్కుకు పావు కిలో పండుమిరపకాయలు కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడవండి. తొడిమెలు తడి ఆరాకే తీయండి, లేకపోతే లోపలికి నీరు దిగి తొక్కు బూజు పడుతుంది. యాభై గ్రాముల చింతపండు, తగినంత ఉప్పు, పది వెల్లుల్లి రెబ్బలు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. వేయించిన జీలకర్ర, కొంచెం మెంతుల పొడి కలిపి, నూనెలో ఆవాలు, కరివేపాకు పోపు పెట్టండి.

జొన్నరొట్టెకు గ్లాసు నీళ్లు చిటికెడు ఉప్పుతో మరగనిచ్చి, దించి, గ్లాసు జొన్నపిండి పోసి కలపండి. గోరువెచ్చగా ఉండగానే అరచేత్తో బాగా మర్దించాలి. రొట్టె విరగకుండా ఉండే కిటుకు అదే. పొడి పిండి చల్లి చేత్తో తట్టి, వేడి పెనం మీద వేసి, పైన తడి గుడ్డతో అద్దండి. తడి ఆరాక తిరగేసి, చివర్లో మంట మీద పొంగనివ్వండి.

ఈసారి ఇంటికి చుట్టాలొస్తే పూరీ కూరతో పాటు ఇదీ వడ్డించండి. జాడీని వెనక్కి నెట్టకండి. 'ఇదేంటి వదినా?' అని అడిగితే చల్లగరిగ కథ చెప్పండి. వింటూ వింటూ వాళ్లు ఇంకో రొట్టె అడగకపోతే అప్పుడు నన్నడగండి!